నా నోట పరుల మాట

ముప్ఫై ఒక్క సంవత్సరాలు కోర్టులో దుబాసీగా పనిచేశాను. మలేషియాలో, పేరాక్ రాష్ట్రం దిగువన, నది పక్క చిన్న ఊళ్ల కోర్టుల్లో. అక్కడ విచారణ మలయ్ భాషలో జరుగుతుంది. తమిళం మాత్రమే వచ్చినవాళ్లు, ఎప్పుడో ఒకసారి తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు బోనెక్కితే, వాళ్ల మాట మేజిస్ట్రేటుకీ మేజిస్ట్రేటు మాట వాళ్లకీ అందించడం నా ఉద్యోగం.

ఈమధ్య ఆ పనిలో కొత్తగా చేరిన ఒకమ్మాయి తెలుక్ ఇంటాన్‌లో మా ఇంటికి వచ్చింది. పని ఎలా ఉంటుందని అడిగింది. ఆ పూట నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. ఇతరుల మాట చెప్పడానికి అలవాటుపడిన నోరు సొంత మాట దగ్గర తడబడుతుంది. అందుకని రాస్తున్నాను. జీతాలు, బదిలీలు, ఏ కాగితం ఏ బల్ల మీద పెట్టాలి, ఇవన్నీ ఆఫీసువాళ్లు చెబుతారు. వాళ్లు చెప్పనివి కొన్ని ఉన్నాయి.

మా నాయనమ్మ వేలిముద్ర

మా నాయనమ్మ విజయనగరం పక్క పల్లె నుంచి రబ్బరు తోటలోకి వచ్చిన కూలీల కూతురు. తోటలో దొర ఏదైనా అడిగితే కూలీల మీద మేస్త్రీగా ఉండే కంగాణీ జవాబు చెప్పేవాడు. జబ్బు చేస్తే తోట ఆసుపత్రిలో మందులిచ్చే డ్రెస్సరు దగ్గర కంగాణీయే చెప్పేవాడు. పంచాయితీ అయినా ఆయనే. నాయనమ్మ చెప్పింది ఒకటి, ఆయన చెప్పింది ఇంకొకటి. వేలిముద్ర మాత్రం నాయనమ్మది. తాను చెప్పిన మాటను ఉన్నదున్నట్టు ఎవరూ ఎక్కడా రాసుకోలేదని ఆమె చివరిదాకా అంటూనే ఉండేది.

ఆమె మనవరాలు తమిళ బడిలో చదివి, మలయ్ హైస్కూలు చదివి, ప్రభుత్వ పరీక్ష రాసి, నల్ల కోటు వేసుకుని మేజిస్ట్రేటు పీఠం కింద కూర్చుంది. నా కోసం ఎవరూ సిఫారసు చేయలేదు. మా నాన్న లారీ నడిపేవాడు, మా అమ్మ తమిళావిడ. మాకు తెలిసిన పెద్దమనిషి ఒక్కడూ లేడు. ఈ మాట ముందే చెబుతున్నాను. తరవాత ఈ దేశం మీద నా ఫిర్యాదులూ చెబుతాను కాబట్టి, ముందు చెప్పవలసింది ముందు చెప్పాలి.

దేవసహాయం గారి పాఠం

నాకు పని నేర్పింది దేవసహాయం అనే పెద్ద దుబాసీ. తమిళులు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జేబులో దగ్గు బిళ్లలతో ఉండేవారు. నేను చేరిన వారంలో భార్యను కొట్టిన ఒక మనిషి కేసు వచ్చింది. అతను తమిళంలో చెబుతుంటే నేను మలయ్‌లో "ఈయన భార్యను కొట్టానని చెబుతున్నారు" అన్నాను. దేవసహాయం గారు లేచి నా పక్కకు వచ్చి మెల్లగా సరిదిద్దారు. సాక్షి "నేను" అంటే దుబాసీ కూడా "నేను" అనాలి. మధ్యలో ఇంకో మనిషి ఉన్నట్టే తెలియకూడదు.

అప్పుడు చెప్పాను. "నేను ఆమెను కొట్టాను. గోడకేసి కొట్టాను. అన్నం చల్లారిపోయిందని కొట్టాను." ఆ భార్య ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉంది. మొగుడి వైపు చూడలేదు. నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నా మీదే ఉన్నట్టుంటుంది.

ఈ పనిలో చేరేవాళ్లు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. దొంగ చెప్పినా, తాగుబోతు చెప్పినా, బిడ్డ పోయిన తల్లి చెప్పినా అది మీ నోటి నుంచే వస్తుంది. సాయంత్రం ఇంటికెళ్లి స్నానం చేస్తే పోయేది కాదది.

ఒంటరి భోజనం

రెండో సంగతి. మీతో ఎవరూ భోంచేయరు. కోర్టు క్యాంటీనులో లాయర్లతో కూర్చుంటే అవతలి పక్షం అనుమానిస్తుంది. పోలీసులతో కూర్చుంటే ముద్దాయిలు బెదురుతారు. సాక్షులతో అసలు మాట్లాడకూడదు. ఊళ్లో పెళ్లికెళ్తే ఆడవాళ్ల గుంపులో మాట ఆగిపోయేది. వాళ్లలో ఒకామె విడాకుల గొడవ, ఒకామె కొడుకు గంజాయి కేసు నా నోట పలికినవే మరి. నేను ఎవరికీ చెప్పను. ఆ సంగతి వాళ్లకూ తెలుసు. అయినా గొంతులు తగ్గేవి.

నాకు పెళ్లి కాలేదు. సంబంధాలు రాక కాదు. అమ్మకు పక్షవాతం, తమ్ముడి చదువు అంటూ కొన్నేళ్లు గడిచాయి. ఆ తరవాత అడిగేవాళ్లు లేరు. అమ్మ పోయింది, తమ్ముడు జొహోర్‌లో స్థిరపడ్డాడు. కోర్టులో రోజంతా మూడు భాషల్లో మాట్లాడి, ఇంటికొచ్చి ఒక్క మాట లేకుండా పడుకునేదాన్ని. దేవసహాయం గారు ఒక్కరే మధ్యాహ్నం నా ఎదురుగా కూర్చుని తినేవారు. పద్దెనిమిదేళ్లు అలా తిన్నాం. అది ఎలా ఆగిపోయిందో చెబుతాను.

పైడయ్య గారి కేసు

ఒక సోమవారం పామాయిల్ గెలల దొంగతనం కేసు వచ్చింది. ఇలాంటివి మా కోర్టుకు వారానికి రెండు మూడు వచ్చేవి. ముద్దాయి పేరు పైడయ్య. అరవై దాటిన మనిషి. తెలుగువాళ్లే ఎక్కువున్న తోటలో పుట్టి పెరిగాడు. తమిళం అంతంత మాత్రం, మలయ్ సంత బేరానికి సరిపోయేంత. భయంతో ఆ రెండూ మర్చిపోయి తెలుగే మాట్లాడుతున్నాడు. లాయరు లేడు.

నా తెలుగు సంగతి చెప్పాలి. నాయనమ్మ నా పదో ఏట పోయింది. ఆ తరవాత ఇంట్లో తమిళమే. మిగిలిన తెలుగు సినిమాలు చూసి నేర్చుకున్నది. సినిమాల్లో దొంగ ఏదైనా "కొట్టేశాను" అంటే దొంగిలించానని. నాకు ఆ మాటకు తెలిసిన అర్థం అదొక్కటే.

నేరం చదివారు. ఫలానా తోటలో ఎనిమిది గెలలు దొంగిలించాడని. నేను ఆయనకు చెప్పాను.

"ఫలానా తోటలో ఎనిమిది గెలలు కొట్టేసినావంట తాతా. ఒప్పుకుంటావా?"

"అవునమ్మా, నానే కొట్టేసినాను."

ఒప్పుకుంటే శిక్ష పడుతుందని మేజిస్ట్రేటు చెప్పమంటే చెప్పాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు.

"పని సేసినోడికి సిచ్చేటమ్మా?" అన్నాడు.

ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పి మళ్లీ అడగాలి. అడగలేదు. ఆ రోజు ఇంకా పదకొండు కేసులున్నాయి. ముసలాయన ఏదో బతిమాలుకుంటున్నాడు అనుకున్నాను. మేజిస్ట్రేటుతో మలయ్‌లో "దయ చూపమని వేడుకుంటున్నాడు" అన్నాను. నెల రోజులు జైలు వేశారు. పోలీసులు చేయి పట్టుకుంటే ఆయన నా వైపే తిరిగి చూస్తూ వెళ్లాడు.

తరవాతి ఆదివారం, ఏడాదికోసారి కలిసే మా మేనత్త ఇంటికి వెళ్లాను. ఆవిడ పెరట్లో అరటిగెల నేల మీద ఉంది. ఎవరు దించారని అడిగాను. "పొద్దున్న నానే కొట్టేసినాను, మగ్గబెట్టాల" అంది అత్త.

కొట్టేసినాను. నరికాను, దించాను. తోటల్లో పుట్టినవాళ్లకు ఆ మాటకు అర్థం అదే. పామాయిల్ తోటలో గెలలు కొట్టడమే పని. పైడయ్య గారు చెప్పింది, తాను ఆ పని చేశానని. పని చేసినవాడికి శిక్ష ఏమిటని నన్ను అడిగారు. ఆ ఒక్క ప్రశ్న ఉన్నదున్నట్టు పీఠం దాకా అందించి ఉంటే మేజిస్ట్రేటు అక్కడికక్కడే ఆపేవారు. నేను దాన్ని తుడిచి, మడతపెట్టి, అలవాటైన మాట ఒకటి అందించాను.

కొత్తగా చేరేవాళ్లకు ఇది గట్టిగా చెబుతాను. తెలియని పదం వల్ల జరిగిన తప్పును కోర్టు అర్థం చేసుకుంటుంది. అడగకపోవడం వల్ల జరిగింది మాత్రం మీదే. నాయనమ్మకు కంగాణీ చేసిందే నేను ఆయనకు చేశాను. కంగాణీకి కనీసం తాను చేస్తున్నదేమిటో తెలుసు.

"వదిలేయ్ లా"

సోమవారం మధ్యాహ్నం భోజనం దగ్గర దేవసహాయం గారికి చెప్పాను. ఆయన అన్నం డబ్బా మూత తీసినవారు మళ్లీ పెట్టేశారు. ఆయన ఏమన్నారో, మా దేశంలో ఊరికే మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా, ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది.

"వదిలేయ్ లా. ముసలాయన రెండు వారాల్లో బయటికి వస్తాడు. నువ్వు నోరు విప్పితే, మనం ఇన్నేళ్లు చెప్పిన ప్రతి మాటనూ లాయర్లు తవ్వుతారు. నీ ఒక్కదానిదే కాదు, మన అందరి పని పోతుంది."

ఆయన పిరికివాడు కాదు. ఆ పని మీద ఆయనకున్న గౌరవమే ఆయన చేత అలా అనిపించింది. మంచి గురువు చెడ్డ సలహా ఇవ్వగలడని ఆ రోజు తెలుసుకున్నాను. ఇచ్చిన సలహా వినకపోతే ఆయన ఎంత దూరం వెళ్లిపోగలరో తరవాత తెలిసింది.

అప్పటి మేజిస్ట్రేటు ముప్ఫై ఏళ్లు కూడా లేని మలయ్ అమ్మాయి. ఆమె గదిలోకి వెళ్లి జరిగింది చెప్పాను. ఆమె కలం కింద పెట్టింది.

"మీరిప్పుడు చెప్పింది నేను రాయాలి. రాశాక మీరు వెనక్కి తీసుకోలేరు. కూర్చుని ఆలోచించుకుంటారా?"

"ఆలోచించుకునే వచ్చాను, పువాన్," అన్నాను. పువాన్ అంటే అమ్మగారు.

ఆమె రాసింది. తన తీర్పు తప్పని పైకోర్టుకు తానే పంపింది. అలా పంపే వీలు చట్టంలో ఉందని నాకు తెలుసు గానీ, అది జరుగుతుంటే చూడడం అదే మొదటిసారి. వారం తిరక్కుండా హైకోర్టులో పిలిచారు. నన్ను సాక్షుల బోనులో నిలబెట్టారు. ఇన్నేళ్లూ ఆ బోను పక్కన నిలబడ్డాను గానీ లోపల ఎప్పుడూ నిలబడలేదు. పైడయ్య గారు చెప్పిన మాట తెలుగులో చెప్పమన్నారు జడ్జిగారు. చెప్పాను. మలయ్‌లో చెప్పమన్నారు. చెప్పాను. మరి ఆ రోజు ఇలా ఎందుకు చెప్పలేదని అడిగారు.

"నేను సరిగ్గా వినలేదు, యువరానర్. నాకు అర్థం కాలేదు. అర్థం అయినట్టు చెప్పాను."

"నేను" అని నా గురించే కోర్టులో అనడం అదే మొదలు.

ఆ తోట ఇద్దరు అన్నదమ్ముల ఆస్తి తగాదాలో ఉందట. వాళ్లలో పెద్దవాడు పైడయ్య గారిని కూలికి పిలిచి గెలలు కొట్టించాడు, చిన్నవాడు దొంగతనమని ఫిర్యాదు చేశాడు. అన్న వచ్చి సాక్ష్యం చెబితే కేసు నిలవలేదు. పదమూడు రోజులు జైల్లో ఉండి పైడయ్య గారు బయటికి వచ్చారు. కోర్టు మెట్ల దగ్గర ఆయన కూతురు మోటార్‌సైకిలు పట్టుకుని నిలబడి ఉంది. నేను వెళ్లి క్షమించమని అడిగాను.

"నువ్వు మన బాస మర్సిపోనావు. అది నీ తప్పు కాదు తల్లీ," అన్నారాయన. "తిన్నగా ఇన్నేదు. అది నీ తప్పు."

అంతే. కూతురి వెనక కూర్చుని వెళ్లిపోయారు.

నా ఉద్యోగం పోలేదు. ఒక హెచ్చరిక కాగితం వచ్చింది, నా ఫైల్లో ఉంది. దేవసహాయం గారు మాత్రం రిటైరయ్యేదాకా నా ఎదురుగా కూర్చుని తినలేదు. పలకరిస్తే పలికేవారు. దగ్గు బిళ్ల కావాలా అని కూడా అడిగేవారు. డబ్బా పట్టుకుని వేరే బల్లకు వెళ్లేవారు. ఆ తరవాత పదమూడేళ్లు నేను ఒక్కదాన్నే తిన్నాను.

ఎర్ర కార్డు

అయిదేళ్ల తరవాత ఒక శనివారం పైడయ్య గారు మా గేటు ముందు నిలబడ్డారు. ఇల్లు ఎలా కనుక్కున్నారో అడగలేదు. లోపలికి రమ్మన్నా రాలేదు. జేబులోంచి ఎర్రరంగు గుర్తింపు కార్డు తీసి చూపించారు. ఈ దేశంలో పౌరులది నీలం కార్డు. ఎర్రది ఉండనిస్తారు గానీ పౌరుడు కాదనడానికి గుర్తు. ఆయన ఈ మట్టి మీదే పుట్టారు. పుట్టినప్పుడు తోటలో ఎవరూ కాగితం రాయించలేదు. తరవాత ఎవరూ పట్టించుకోలేదు. డెబ్బై ఏళ్లు కావస్తున్నా ఎర్ర కార్డే.

నా ఫిర్యాదు ఇదే. ఇచ్చినవాటికి కృతజ్ఞత ఉంది. ఇవ్వకుండా ఒక ముసలాయనను గుమ్మం దగ్గర అన్నేళ్లు నిలబెట్టడం మరచిపోను. ఈ రెండూ నా మనసులో ఒకదాన్ని ఒకటి తోసుకోకుండా పక్కపక్కనే ఉంటాయి.

పౌరసత్వం కోసం దరఖాస్తు పెట్టుకున్నారట. మలయ్‌లో మాట్లాడించి చూస్తారు. దుబాసీ ఉండకూడదు. దొంగతనం శిక్ష అలాగే నిలిచి ఉంటే ఆ దరఖాస్తు ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. ఆయన దాని గురించి ఒక్క మాట అనలేదు.

"నాకు ఆల బాస నేర్పు," అన్నారు. "నీకు మన బాస నాను నేర్పుతాను."

ఆ తరవాత పదినెలలు ప్రతి శనివారం వచ్చారు. రెండో వారం నుంచి లోపలికి వచ్చి కూర్చున్నారు. నేను మలయ్‌లో పేరు, ఊరు, రాజు, రుకున్ నెగారా అనే జాతీయ ప్రతిజ్ఞ నేర్పేదాన్ని. ఆయన నాకు పొలం మాటలు, వాన మాటలు, తిట్లు, జోలపాటలు నేర్పారు. నాయనమ్మ పోయాక ఎవరూ నాతో కూర్చుని అంతసేపు అలా మాట్లాడలేదు. తెలియని మాట వస్తే ఆపి అడిగేదాన్ని. ఒక్కదాన్ని కూడా వదిలేదాన్ని కాదు. ఆయన నవ్వేవారు. ఇప్పుడు తిన్నగా వింటున్నావు అనేవారు. నా జీవితంలో వారానికోరోజు ఎవరి కోసమైనా ఎదురుచూసింది ఆ పదినెలలే.

ఇంటర్వ్యూ రోజు బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు మూసి ఉంది. లోపల ఆయన గొంతు వినబడుతోంది, మాటలు వినబడడం లేదు. ఒక మనిషి మాట్లాడుతుంటే, ఆ మాట నేను చెప్పకుండా, నేను లేకుండా నడిచిపోవడం అదే మొదటిసారి చూశాను. ఊరట కలిగింది, కొంచెం దిగులూ కలిగింది. రెండూ నిజమే.

కార్డు రావడానికి ఇంకా రెండేళ్లు పట్టింది. ఆలోపు ఆయన కూతురు ఆయనను ఉత్తరాన సుంగై పెటాని అనే ఊరికి తీసుకెళ్లింది. అక్కడ ఆమెకు ఫ్యాక్టరీలో పని దొరికింది. శనివారాలు ఆగిపోయాయి. ఫోనులో ఆయనకు సరిగ్గా వినబడేది కాదు.

నేను రిటైరయ్యాను. ఆయన నిరుడు పోయారు. ఇప్పుడు ఈ ఇంట్లో నాతో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. ఆ కొత్త దుబాసీ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు తమిళంలో వస్తుంది. ఆమెను తప్పుపట్టను. ఆ వయసులో నేనూ అంతే. వచ్చే శనివారం రమ్మన్నాను. వస్తుందో రాదో తెలియదు.

ఓటు రోజు

ఇది రాయకుండా ముగించలేను.

నీలం కార్డు వచ్చాక మొదటి ఎన్నికలు. పైడయ్య గారి ఓటు సుంగై పెటానిలో నమోదైంది. నేను ఇక్కడ పొద్దున్నే వేసేసి, బస్సెక్కి వెళ్లాను. ఎందుకు వెళ్తున్నానో నన్ను ఎవరూ అడగలేదు, అడిగేవాళ్లు లేరు కాబట్టి. మధ్యాహ్నానికి చేరాను. అదొక బడి. వసారా పొడుగునా వరస. చైనీయులు, మలయ్‌లు, మనవాళ్లు, ఫ్యాక్టరీ యూనిఫారాల్లోనే వచ్చిన పిల్లలు. ఆయన కొత్త చొక్కా వేసుకుని మధ్యలో నిలబడి ఉన్నారు. ముసలివాళ్లను ముందుకు పంపుతామని ఒక మలయ్ అధికారి వచ్చి చెబితే, వద్దని తలూపారు. వరసలోనే నిలబడతానని మలయ్‌లో తానే చెప్పుకున్నారు. ఆ వాక్యం నేను నేర్పింది కాదు.

గంటంపావు పట్టింది. ఎండ తగలని చోట గోడవార నిలబడి చూశాను. ఆయన లోపలికి వెళ్లారు. అట్టపెట్టె చాటున ఒక్కరే నిలబడ్డారు. కిటికీలోంచి వంగిన వీపు మాత్రం కనబడింది. చాలాసేపు అలాగే ఉన్నారు.

బయటికి వచ్చి వేలి మీద సిరా ఆరిందో లేదో చూసుకుంటూ నా పక్కకు వచ్చారు. అందరి మాటా అడిగి తెలుసుకునే ముప్ఫై ఏళ్ల అలవాటు, ఆగలేకపోయాను.

"ఏటి తాతా, ఏ గుర్తుకేసినావు?"

ఆయన నన్ను చూసి మెల్లగా నవ్వారు.

"సెప్పను తల్లీ. ఎవరికీ సెప్పక్కర్నేదంట కదా."